గవర్నమెంటు సైట్లో లింకు నొక్కితే ఎవరి సైటుకి పోతున్నాం?



ఈసారి ఘనజీవామృతం గురించో కషాయాల గురించో రాయట్లేదు. ఫోన్లో మనం నొక్కే లింకు గురించి రాస్తున్నాను. చూడ్డానికి చిన్న విషయమే. కానీ మా ఊళ్లో ఒక రైతుకి దీనివల్ల 3,500 రూపాయలు పోయాయి. పై వీడియోలో స్క్రీను మీద చూపించిందే ఇక్కడ నిదానంగా చెప్తాను. వీడియో చూడ్డానికి నెట్ సరిపోనివాళ్లు ఇది చదివినా చాలు.

జరిగింది ఇదీ

మా పక్క చేను తమ్ముడు మూడేళ్లుగా రెండెకరాల్లో మందులు లేకుండా దేశవాళీ వరి వేస్తున్నాడు. బియ్యం కొనేవాళ్లు సర్టిఫికెట్ ఉందా అని అడగడం మొదలుపెట్టారు. ఒకరోజు రాత్రి వ్యవసాయానికి సంబంధించిన ఒక ప్రభుత్వ సైటు తెరిచాడు. అందులో ‘ఉపయోగపడే లింకులు’ అని ఒక పేజీ ఉంది. ఆర్గానిక్ సర్టిఫికేషన్ అని రాసి ఉన్న లింకు నొక్కాడు.

తెరుచుకున్న సైటు పేరు, ఫోన్ నంబరు, సర్వే నంబరు, ఆధార్ అడిగింది. అన్నీ ఇచ్చాడు. తెల్లారేసరికి ఫోన్ వచ్చింది. రిజిస్ట్రేషన్ ఫీజు అన్నారు, కట్టేశాడు. నెల తర్వాత ఒక రంగుల కాగితం వచ్చింది. బియ్యం కొనే ఆయన దాన్ని చూసి ‘ఇది చెల్లదు బాబూ’ అని తిరిగి చేతిలో పెట్టాడు. ఈలోగా సీసాల్లో జీవామృతం కొనండి, పాచి ద్రావణం కొనండి అని రోజూ ఫోన్లు. పది కేజీల పేడ, మూత్రం, రెండు కేజీల బెల్లం, రెండు కేజీల పప్పుల పిండి, గట్టు మీది గుప్పెడు మట్టితో ఎకరానికి 200 లీటర్లు ఇంట్లోనే కలుపుకునే మనిషికి సీసాలో జీవామృతం అమ్మాలని చూశారు!

‘ఎవరో ఏంటో తెలియకుండా ఎట్లా కట్టావురా’ అని గట్టిగానే అడిగాను. వాడు ఒకటే మాట అన్నాడు: ‘గవర్నమెంటు సైట్లోనే ఉంది కదన్నా!’

నాకు నోట మాట రాలేదు. వాడు తప్పేం అనలేదు. మండలాఫీసు గోడ మీద ఒక షాపు బోర్డు కనిపిస్తే, ఆఫీసు వాళ్లే ఆ షాపుకి వెళ్లమన్నారని అనుకుంటాం. లింకైనా అంతే.

సర్టిఫికెట్ అసలు ఎలా వస్తుంది?

ఈ సంగతి ముందే తెలిసుంటే వాడు మోసపోయేవాడు కాదు. మనకు ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి ఎన్‌పీఓపీ. 2001లో మొదలైంది, అపెడా చూస్తుంది. గుర్తింపు పొందిన సంస్థ మనిషి వచ్చి పొలం తనిఖీ చేస్తాడు. ఎగుమతికి ఇదే అడుగుతారు. రెండోది పీజీఎస్-ఇండియా. ఇందులో కనీసం ఐదుగురు రైతులు గ్రూపుగా ఏర్పడి, ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు. మారే దశలో ఉన్నవాళ్లకి పీజీఎస్ గ్రీన్, పూర్తిగా మారినవాళ్లకి పీజీఎస్ ఆర్గానిక్.

పీజీఎస్‌లో మొదటి మెట్టు గ్రూపు కట్టుకోవడం, డబ్బు కట్టడం కాదు. పొలంలో ఎవరూ కాలు పెట్టకుండా, ఫోన్ మీద డబ్బులు తీసుకుని ఇచ్చే కాగితం ఈ రెండింట్లో దేని కిందకీ రాదు.

నియమం ఏం చెప్తోంది?

ప్రభుత్వ సైట్లు ఎలా ఉండాలో చెప్పే మార్గదర్శకాలు 2009 నుంచే ఉన్నాయి. జీఐజీడబ్ల్యూ అంటారు. 2023లో మూడో రూపం వచ్చింది. వాటి ప్రకారం ప్రతి ప్రభుత్వ సైటుకూ బయటి లింకుల మీద ఒక విధానం ఉండాలి, అది సైట్లో కనిపించాలి. బయటి సైటుకి పోయేటప్పుడు ‘మీరు మా సైటు దాటి వెళ్తున్నారు’ అని చూసేవాళ్లకి తెలియాలి. లింకులు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసుకుంటూ ఉండాలి.

చాలా శాఖల సైట్లలో అడుగున చిన్న అక్షరాల్లో ఈ విధానం ఉంటుంది. లింకు ఇచ్చినంత మాత్రాన ఆ సైటును మేం ఆమోదించినట్టు కాదు, అందులో ఉన్నదానికి మా బాధ్యత లేదు అని దాని సారాంశం. అదీ ఎక్కువగా ఇంగ్లీషులోనే.

ఇక్కడే నా ప్రశ్న. బాధ్యత లేనప్పుడు లింకు ఎందుకు పెట్టారు? వందల కంపెనీలుండగా ఆ ఒక్కదాన్నే ఎవరు ఎంచారు, ఏం చూసి ఎంచారు? పెట్టిన రోజు మంచి సైటే అయ్యుండొచ్చు. కానీ సైటు పేరుకి ఏటా డబ్బు కట్టాలి. కట్టకపోతే ఆ పేరు ఖాళీ అవుతుంది, ఇంకెవరైనా కొనుక్కోవచ్చు. పాత లింకు మాత్రం ప్రభుత్వ పేజీలో అట్లాగే ఉంటుంది. అంటే శాఖ వాళ్లు తలుపు ఒకరికి చూపించారు, ఇప్పుడు ఆ ఇంట్లో ఇంకొకరు కాపురం ఉంటున్నారు.

మనం ఇంకా జాగ్రత్తగా ఉండాల్సిన కాలం ఇది. జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో 2,481 కోట్లతో ఆమోదం ఇచ్చింది. కోటి మంది రైతులకు చేరాలని లక్ష్యం. అంతమంది కొత్త రైతులు వస్తున్నారంటే, వాళ్లకి ఏదో ఒకటి అమ్మాలని చూసేవాళ్లూ వస్తారు. సోలార్ పంపుల పథకం పీఎం కుసుమ్‌లో చూశాం కదా. నకిలీ సైట్లు పెట్టి రైతుల దగ్గర రిజిస్ట్రేషన్ డబ్బులు వసూలు చేస్తున్నారని కేంద్ర శాఖే హెచ్చరికలు ఇవ్వాల్సి వచ్చింది.

ప్రైవేటు అంతా చెడ్డదని కాదు

మంచి విత్తనాలు కాపాడే సంస్థలున్నాయి, నిజాయితీగా కొనే కంపెనీలున్నాయి. వాళ్ల లింకులు ఉంటే మనకే మేలు. అలాగే చివర ‘గవ్ డాట్ ఇన్’ లేని సైట్లన్నీ దొంగవీ కావు. జైవిక్ ఖేతీ పోర్టల్ కేంద్ర వ్యవసాయ శాఖ, ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ కలిసి పెట్టింది. దాని పేరు చివర ‘డాట్ ఇన్’ మాత్రమే ఉంటుంది. అందుకే రైతుకి తికమక. ఏది సర్కారుది, ఏది బయటిది అని లింకు పక్కనే తెలుగులో రాయడానికి పెద్ద ఖర్చేం కాదు.

నొక్కేముందు, నొక్కాక

- పైన అడ్రసు గడిలో పేరు చివర చూడండి. ‘గవ్ డాట్ ఇన్’, ‘నిక్ డాట్ ఇన్’ అంటే ప్రభుత్వానివే. ఆ మాట పేరు మధ్యలో ఉంటే లెక్కలోకి రాదు, చివరే ఉండాలి.
- తాళం గుర్తు ఉంది కదా అని నమ్మొద్దు. మోసం చేసే సైటుకి కూడా తాళం గుర్తు వస్తుంది.
- బయటి సైటు అయితే ఆధార్, బ్యాంకు, పాస్‌బుక్ వివరాలు ఇవ్వొద్దు. ఓటీపీ అసలే చెప్పొద్దు.
- డబ్బు అడిగితే ఆగి, కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి తెలుగులోనే మాట్లాడి కనుక్కోండి.
- డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

అడగడం ఎలా?

నేను సమాచార హక్కు చట్టం కింద ఆ శాఖ ప్రజా సమాచార అధికారికి పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టాను. ‘ఎందుకు పెట్టారు’ అని అడిగితే జవాబు దాటేయొచ్చు, ఎందుకంటే ఆ చట్టం ఇచ్చేది రికార్డుల్ని. అందుకని కాగితాలే అడిగాను: ఆ లింకు పెట్టమని ఇచ్చిన అనుమతి నకలు, ఆ సంస్థతో ఒప్పందం ఉంటే దాని నకలు, మీ బయటి లింకుల విధానం నకలు, చివరిసారి లింకులు తనిఖీ చేసిన తేదీ.

చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. 28వ రోజున వచ్చింది. ఒప్పందం ఏదీ లేదట. అనుమతి రికార్డు అందుబాటులో లేదట. తనిఖీ తేదీ గడి ఖాళీ. అంటే ఎవరు పెట్టారో ఎవరికీ తెలియని లింకును నమ్మి మావాడు ఆధార్ ఇచ్చాడు. జవాబు వచ్చిన రెండు వారాలకి ఆ లింకు పేజీలో లేదు. మావాడి డబ్బులు మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు వాడు, నేను, ఇంకో నలుగురం కలిసి పీజీఎస్ గ్రూపు కట్టాం. పోయిన ఆదివారం వాడి పొలం మేం తనిఖీ చేశాం, వచ్చే వారం నా పొలానికి వాళ్లు వస్తారు. పొరుగు రైతు గట్టు మీద నిలబడి చూసి మరీ సంతకం పెడుతున్నాడు. శాఖ వాళ్లు లింకు పెట్టేముందు ఆ మాత్రం చూడాలని అడగడం తప్పు కాదు కదా.

మీ జిల్లా, మీ శాఖ సైట్లో ఉన్న లింకులు ఒక్కసారి నొక్కి చూడండి. ఏదైనా తేడాగా కనిపిస్తే తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. దరఖాస్తు పెట్టేటప్పుడు అదే మీకు సాక్ష్యం.