వారానికో ధర్మపాఠం: తోరా పఠనం, నేటి బతుకు

యూదుల ధర్మజీవితానికి మూలగ్రంథం తోరా. దానిని వారానికొక భాగం చొప్పున ఏడాది పొడవునా సభలో చదవడం, చదివిన భాగాన్ని నడుస్తున్న లోకవ్యవహారంతో కలిపి చర్చించడం యూదు సమాజాలలో తరతరాలుగా వస్తున్న ఆచారం. ఇది దూరదేశపు సంగతిగా తోచవచ్చు గానీ, గుంటూరు జిల్లాలోనే తెలుగు మాట్లాడే యూదు సమాజం ఒకటి ఉంది. పైగా తోరాలోని శాసనాలలో ఎన్నో పొలం, కూలి, అప్పు, తూకం, ఆడపిల్ల ఆస్తిహక్కు వంటి విషయాల చుట్టూనే తిరుగుతాయి కనుక, ఈ పఠనపద్ధతిని తెలుసుకోవడం తెలుగు పాఠకులకు కేవలం విజ్ఞానదాయకమే కాదు, ఉపయోగకరం కూడా. ఏ వారం ఏ భాగం చదవాలో నిర్ణయించేది పంచాంగమే తప్ప చదివేవారి ఇష్టం కాదు కాబట్టి, తమకు నచ్చిన వాక్యాలను మాత్రమే ఏరుకుని సమర్థనకు వాడుకునే అవకాశం ఇందులో తగ్గిపోతుంది. ఈ పద్ధతికి ఉన్న అసలు బలం అదే.

పఠనం సాగే తీరు

తెలుగు బైబిలు చదివేవారికి ఆదికాండము, నిర్గమకాండము, లేవీయకాండము, సంఖ్యాకాండము, ద్వితీయోపదేశకాండము అనే పేర్లతో పరిచయమైన ఐదు గ్రంథాలే తోరా. దీనిని 54 భాగాలుగా విభజించారు. ఒక్కొక్క భాగాన్ని పరాషా అంటారు. శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలై శనివారం రాత్రి చుక్కలు పొడిచేవరకు సాగే విశ్రాంతిదినమైన శబ్బత్ నాడు, సినగోగ్ అనే ప్రార్థనామందిరంలో, చేతితో రాసిన తోలుచుట్టను విప్పి ఆ వారపు భాగాన్ని చదువుతారు. చుట్టలో హల్లులే తప్ప అచ్చుల గుర్తులు ఉండవు కనుక చదివేవారు ముందే సాధన చేసి రావాలి. అక్షరాలను వేలితో తాకకుండా, చివర చిన్న చెయ్యి ఆకారం ఉన్న పుల్లతో పంక్తులను అనుసరిస్తారు. సభలో నుంచి ఏడుగురిని ఒకరి తర్వాత ఒకరిగా పఠనానికి పిలుస్తారు. ఆ తర్వాత ప్రవక్తల గ్రంథాలలో నుంచి సంబంధమున్న మరొక భాగాన్ని చదువుతారు. సోమ, గురువారాలలో కూడా రాబోయే పరాషా మొదటి అంశాన్ని కొంత చదువుతారు. పల్లెజనం పట్నానికి వచ్చే సంతరోజులు అవే కావడం దీనికి కారణమని సంప్రదాయం చెబుతుంది. శరదృతువులో సిమ్హత్ తోరా పండుగనాడు చివరి భాగం ముగించి, అదే సభలో మొదటి భాగాన్ని మళ్లీ ఎత్తుకుంటారు.

చదివినదానిపై చేసే చిన్న ప్రసంగాన్ని దెవార్ తోరా అంటారు. దీనికి రబ్బీయే, అంటే ధర్మశాస్త్రం నేర్చిన గురువే, కావాలన్న నియమం లేదు. ఇంట్లో భోజనాల దగ్గర పిల్లవాడు కూడా చెప్పవచ్చు. 20వ శతాబ్దంలో యెరూషలేములో నివసించిన నెహమా లైబోవిత్స్ అనే విదుషి 1942 నుంచి దాదాపు మూడు దశాబ్దాలపాటు ప్రతి పరాషాపైనా ప్రశ్నలు మాత్రమే ఉన్న కాగితాలను సామాన్య పాఠకులకు పంపించి, వారు రాసి పంపిన జవాబులను స్వయంగా దిద్దేవారు. సిద్ధాంతం చెప్పి ఒప్పించడం కంటే ప్రశ్న అడిగి ఆలోచింపజేయడమే మేలన్న ఈ సంప్రదాయ స్వభావం ఆమె కృషిలో స్పష్టంగా కనిపిస్తుంది.

ఒక గొయ్యి, ఎన్నో బాధ్యతలు

ప్రాచీన శాసనం నేటి జీవితానికి ఎలా అన్వయమవుతుందో తెలియాలంటే, సాధారణంగా మాఘమాసపు రోజుల్లో చదివే మిష్పతీమ్ అనే భాగంలోని ఒక చిన్న నియమాన్ని గమనించాలి. గొయ్యి తవ్వినవాడు, లేదా ఉన్న గొయ్యి మూత తీసినవాడు, దానిని కప్పకుండా వదిలేస్తే, అందులో ఎద్దో గాడిదో పడి చచ్చినప్పుడు నష్టపరిహారం ఇచ్చుకోవాలని ఆ నియమం చెబుతుంది. క్రీస్తుశకం 200 ప్రాంతంలో క్రోడీకరించిన మిష్నా అనే ధర్మసంహిత ఈ ఒక్క నియమాన్ని విడమరిచి, పది బెత్తల లోతున్న గొయ్యి ప్రాణం తీయగలదనీ, అంతకంటే తక్కువ లోతున్నది గాయపరచగలదనీ లెక్క కట్టింది. తర్వాతి కాలపు తల్ముద్, అంటే మిష్నాపై సాగిన చర్చల మహాగ్రంథం, గొయ్యి అనే మాటను ఒక కోవగా విస్తరించి, దారిలో వదిలేసిన రాయి, కత్తి, బరువు వంటి కదలకుండా ఉండి కీడు చేసే ప్రతి వస్తువునూ అందులో చేర్చింది.

తెలుగు పల్లెల్లో నీళ్లు పడక వదిలేసిన బోరుబావుల్లో పసిపిల్లలు పడి ప్రాణాలు పోగొట్టుకున్న ఘటనలు ఎన్నోసార్లు జరిగాయి. దేశవ్యాప్తంగా ఇటువంటి మరణాలను గమనించిన సుప్రీంకోర్టు 2010లో బోరు తవ్వేటప్పుడు కంచె, పనికిరాని బోరును పూడ్చివేయడం వంటి నియమాలను విధించింది. ఆ నియమాలు తెలియక కాదు, తవ్విన గొయ్యి తనదేనన్న బాధ్యత మనసులో నాటుకోక ప్రమాదాలు జరుగుతున్నాయి. ఎవరి పొలంలో ఏ గొయ్యి తెరిచి ఉందో చూసుకోమని ఏటా ఒక వారం ఊరందరి ముందూ చదివి గుర్తుచేసే ఆచారం ఉంటే, చట్టం చేయలేని పని కొంత అది చేస్తుంది.

కొత్తరెడ్డిపాలెం చెప్పే సాక్ష్యం

గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో, అంతకుముందు క్రైస్తవులుగా ఉన్న కొన్ని మాదిగ కుటుంబాలు 1980ల చివరలో, ఇశ్రాయేలు పన్నెండు గోత్రాలలో కనుమరుగైన ఎఫ్రాయిము గోత్రానికి తాము వారసులమని ప్రకటించుకున్నాయి. బెనె ఎఫ్రాయిమ్, అనగా ఎఫ్రాయిము సంతతి, అని పిలుచుకునే ఈ సమాజానికి యాకోబి సోదరులు నాయకత్వం వహించారు. 1991లో అక్కడ సినగోగ్ వెలిసింది. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వీరి మధ్య క్షేత్రపరిశోధన చేసి 2013లో ఒక గ్రంథం ప్రచురించారు. వంశమూలం గురించి వీరు చెప్పేది చరిత్రకారులు నిర్ధారించిన విషయం కాదు, సమాజపు విశ్వాసం. అయినా, కులవివక్షను అనుభవించిన ప్రజలు ఒక ప్రాచీన గ్రంథంలో తమ గౌరవానికి ఆధారం వెతుక్కోవడం దానంతటదే గమనించదగిన చారిత్రక సత్యం.

వీరి పేరుకు మూలమైన కథ ఆదికాండపు చివరి పరాషా అయిన వయేహీలో ఉంది. వృద్ధుడైన యాకోబు మనుమలను దీవించేటప్పుడు, పెద్దవాడైన మనష్షే తలపై కుడిచేయి పడేటట్టు తండ్రి యోసేపు పిల్లలను నిలబెడితే, తాత తన చేతులను అడ్డంగా మార్చి చిన్నవాడైన ఎఫ్రాయిము తలపై కుడిచేయి ఉంచుతాడు. యోసేపు అభ్యంతరం చెప్పినా వినడు. పుట్టుకతో వచ్చే వరుసే మనిషి స్థానాన్ని నిర్ణయించాలన్న నియమాన్ని కాదన్న ఈ ఘట్టం, వరుసలో చివర నిలబెట్టబడిన వారికి ఎంత ఓదార్పునిస్తుందో వేరే చెప్పనక్కరలేదు. నేటికీ శుక్రవారం రాత్రి యూదు తల్లిదండ్రులు కొడుకులను ఎఫ్రాయిము, మనష్షేల వలె వర్ధిల్లమని దీవిస్తారు.

లేవీయకాండంలో చర్మవ్యాధి సోకినవారిని గురించిన భాగాలు ఇంతకంటే కఠినమైనవి. అనుమానమున్న మనిషిని ఏడు రోజులు విడిగా ఉంచి మళ్లీ పరీక్షించాలని, వ్యాధి నిర్ధారణ అయినవాడు పై పెదవిని కప్పుకుని శిబిరం వెలుపల ఉండాలని అవి విధిస్తాయి. కరోనా కారణంగా లోకమంతా తలుపులు మూసుకున్న 2020లో ఈ భాగాలు చదవవలసిన శబ్బత్ ఏప్రిల్ 25న వచ్చింది. ఆ వసంతంలోనే తెలంగాణ పల్లెలు పొలిమేరల్లో ముళ్లకంచెలు వేసుకున్నాయి. అయితే ఈ భాగాలు వెలి వేయడంతో ముగియవు. యాజకుడు, అంటే పూజారి, తానే శిబిరం దాటి రోగి దగ్గరికి వెళ్లి చూడాలని, నయమైనవాణ్ణి విధిపూర్వకంగా మళ్లీ లోపలికి చేర్చుకోవాలని తర్వాతి అధ్యాయం నిర్దేశిస్తుంది. గడువు, పరీక్ష, తిరిగిరాక ఉన్న ఎడబాటు ఒకటి. ఏ జబ్బూ లేకుండా పుట్టుకతోనే అంటగట్టి తరతరాలు కొనసాగించిన అంటరానితనం మరొకటి. ఈ రెండింటికీ ఉన్న తేడా తెలుగునేల మీద చదివినప్పుడు మరింత పదునుగా కనబడుతుంది.

నేరేడుచర్ల పొలాల మీదుగా

కొత్తరెడ్డిపాలెం నుంచి కృష్ణానది దాటి వస్తే, మిర్యాలగూడ, కోదాడల మధ్య దారిలో నాగార్జునసాగర్ ఎడమకాలువ నీటితో వరి పండే నేరేడుచర్ల ప్రాంతం ఉంది. అక్కడ సినగోగ్ లేకపోయినా, తోరా మాట్లాడే ప్రతి సమస్యా ఉంది. కెదోషీమ్ అనే పరాషా సాధారణంగా ఏప్రిల్ చివర, మే నెలల్లో, అంటే యాసంగి ధాన్యం కల్లాల్లో రాశులు పోసి కొనుగోలు కేంద్రాల ముందు కాంటా కోసం ఎదురుచూసే రోజుల్లోనే వస్తుంది. తూకంలోనూ కొలతలోనూ అన్యాయం చేయరాదని, త్రాసు నిజమైనదై ఉండాలని అందులో ఆజ్ఞ ఉంది. తేమ 17 శాతం దాటకూడదన్న ప్రమాణం న్యాయమైనదే; ఆ ప్రమాణాన్ని అందుకున్న ధాన్యానికి కూడా తాలు పేరుతోనో తరుగు పేరుతోనో అదనంగా కోత పెడితే, అది ఈ ఆజ్ఞ నిషేధించిన పనే అవుతుంది. తూకాన్ని వ్యాపారమర్యాదగా కాక పవిత్రతలో భాగంగా చెప్పడం ఈ పరాషాలోని విశేషం.

వానాకాలం వరి పెరుగుతున్న ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో చదివే కీ తేత్సే భాగం కూలివాడి మజూరీని సూర్యుడు గుంకకముందే చెల్లించమంటుంది. అతడు తోటివాడైనా, పరదేశి అయినా ఇదే నియమం. ఆ మనిషి నిచ్చెన ఎక్కి, చెట్టుకు వేలాడి, ప్రాణానికి తెగించినది ఈ కూలి కోసమే కదా అని తల్ముద్ దీనికి కారణం చెబుతుంది. బీహారు, బెంగాలు నుంచి నాట్లకు వచ్చే ముఠాలు, మిర్యాలగూడ రైసుమిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు నేటి పరదేశులు. ఐగుప్తులో మీరూ పరదేశులుగా ఉన్నారు కనుక పరదేశిని బాధించవద్దన్న హెచ్చరిక తోరాలో 36 చోట్ల ఉందని తల్ముద్‌లో ఒక రబ్బీ లెక్క చెప్పాడు. గల్ఫ్ దేశాలకు కూలికోసం బిడ్డలను పంపుకున్న తెలంగాణకు ఈ మాట ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

అప్పుల విషయంలో అన్వయం మరింత చిక్కైనది. ఏడో సంవత్సరం చివర అప్పులు రద్దు కావాలని ద్వితీయోపదేశకాండం చెబుతూ, ఆ గడువు దగ్గరపడిందని పేదవాడికి అప్పు నిరాకరించవద్దని కూడా హెచ్చరిస్తుంది. అయినా గడువు సమీపించేకొద్దీ అప్పు పుట్టడం మానేసింది. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దపు మహాపండితుడు హిల్లెల్ దీన్ని చూసి, వసూలు బాధ్యతను న్యాయస్థానానికి అప్పగించే ప్రొజ్బూల్ అనే పత్రాన్ని ప్రవేశపెట్టి, అప్పు రద్దు కాకుండా, పేదవాడికి అప్పు దొరికేటట్టు చేశాడు. శాసనపు ఉద్దేశం నిలవాలంటే దాని అమలురూపం మారాలన్న ధైర్యం ఇందులో ఉంది. 2024లో తెలంగాణలో రెండు లక్షల రూపాయల వరకు పంటరుణాల మాఫీ అమలైనా, బ్యాంకుల్లో కాక వడ్డీవ్యాపారుల దగ్గర అప్పు తెచ్చుకునే కౌలురైతుల సంగతేమిటన్న ప్రశ్న మిగిలే ఉంది. మాఫీ సరైనదా కాదా అని వాదించడంతో ఆగక, మర్నాడు ఆ రైతుకు అప్పు ఎక్కడ పుడుతుందని అడగడమే హిల్లెల్ చూపిన మార్గం.

కుమార్తెల వాదన, కఠినమైన వాక్యాలు

వేసవి భాగమైన పిన్హాస్‌లో సెలోపెహాదు అనే వ్యక్తి ఐదుగురు కుమార్తెలు, మహలా, నోవా, హొగ్లా, మిల్కా, తిర్సా, మోషే ముందు నిలబడి, కొడుకులు లేనంతమాత్రాన తమ తండ్రి భాగం ఎందుకు పోవాలని అడుగుతారు. మోషే తానుగా తీర్పు చెప్పక దైవాన్ని అడుగుతాడు. వారి వాదన న్యాయమైనదేనన్న సమాధానం వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి, దేశమంతటా 2005 నుంచి హిందూ ఉమ్మడికుటుంబపు ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానహక్కు వచ్చింది; కట్నం ఇచ్చాం కదా అని కూతుళ్లచేత హక్కు వదులుకున్నట్టు సంతకాలు పెట్టించుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఈ కథ ఉన్న సంఖ్యాకాండం చివరి అధ్యాయంలో ఆ కుమార్తెలు తమ గోత్రంలోనే పెళ్లిచేసుకోవాలన్న షరతు పడిందని కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అన్వయం నిజాయితీగా ఉండాలంటే ఇబ్బంది పెట్టే సగాన్నీ చదవాలి.

తల్లిదండ్రుల మాట వినని మొండికొడుకును రాళ్లతో కొట్టి చంపమనే విధి కూడా కీ తేత్సేలోనే ఉంది. రబ్బీలు దాన్ని గ్రంథం నుంచి తొలగించలేదు. అది వర్తించడానికి కావలసిన షరతులను ఒక్కొక్కటిగా బిగించి, అటువంటి కొడుకు ఎన్నడూ లేడు, ఉండబోడు అని తల్ముద్‌లో తేల్చారు. వాక్యాన్ని దాటవేయకుండా చదవడం, దాని పేరుతో హింసకు తావివ్వకపోవడం అనే రెండు నియమాలనూ వారు ఏకకాలంలో పాటించారు. మతగ్రంథాల వాక్యాలు విడివిడిగా తెంపి ఫోన్ల ద్వారా పంచుకుంటూ ఒకరిపై ఒకరు విసురుకుంటున్న ఈ కాలంలో, తెలుగునాట అన్ని మతాలవారికీ అవసరమైన క్రమశిక్షణ ఇది.

పురాణప్రవచనాల సంప్రదాయమున్న తెలుగు సమాజానికి సభలో కూర్చుని గ్రంథం వినడం కొత్త కాదు. కొత్తగా నేర్చుకోవలసినది విన్నవారందరూ ప్రశ్నించడం, ప్రశ్నకు జవాబును ఆ వారంలోనే చేతలో చూపడం. ఖురాను, గీత, బైబిలు, రాజ్యాంగం వీటిలో ఏది చదివినా, క్రమం తప్పక, పూర్తిగా, నలుగురిలో చదివి, కూలి ఇవ్వడంలో, కాంటా వేయడంలో, బోరుకు మూత బిగించడంలో దానిని రుజువు చేసుకోవాలి. అంతవరకు వచ్చినప్పుడే ఆ చదువు సార్థకమవుతుంది.