వేప పూసిన యూరియా

గోదావరిఖని పరిసరములందు సింగరేణి గనులనుండి వెలికివచ్చు బొగ్గు విద్యుత్తుగా మారుట యెల్లరకు నెరుకయే. కాని అదే బొగ్గును వాయురూపమునకు దెచ్చి, దానినుండి యూరియా చేయు సాహస మొకటి రామగుండమున 1980లో ఆరంభమై, 1999లో ఆ కర్మాగారము మూతపడుటతో అంతరించిన వృత్తాంతమును నేటి పడుచువారిలో వినినవారు తక్కువ. అచ్చటనే 2021లో సహజవాయువు నాధారముగా గొని వెలసిన క్రొత్త కర్మాగారమునకు ఏటికి 12.7 లక్షల టన్నుల యూరియా నుత్పత్తిచేయు సామర్థ్యము కలదు. ఆ యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి.

వరిమడిలో వేపరొట్ట త్రొక్కుటయు, గానుగలో నూనె తీయగా మిగిలిన వేపపిండిని చేనికి వేయుటయు కర్షకులకు తరతరములుగా వచ్చిన వాడుక. యూరియా వచ్చిన పిమ్మట, అయిదు పాళ్ల యూరియాకు ఒక పాలు వేపపిండి కలిపి, నిలువయుంచి చల్లు పద్ధతియు ఏర్పడినది.

యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజనియే. అది నేలలో మొదట అమ్మోనియముగా మారును. ధనావేశము గల అమ్మోనియమును ఋణావేశము గల బంకమట్టి పట్టి నిలుపును. అంతట నైట్రోసోమోనాస్ అను సూక్ష్మజీవి దానిని నైట్రైటుగాను, వేరొక జాతి జీవులు నైట్రేటుగాను మార్చగా, మట్టికి చిక్కని ఆ నైట్రేటు నీటివెంట జారిపోవును. లేదా గాలి చొరని బురదలో వాయువై యెగిరిపోవును. ఆ వాయువులలో నొకటియైన నైట్రస్ ఆక్సైడు భూతాపమును పెంచుటలో బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 270 రెట్లు బలమైనది. వేపలోని చేదు ద్రవ్యములు నైట్రోసోమోనాస్ వేగమును మందగింపజేయునని 1970ల దశకమున ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థవారు పరీక్షించి చూచిరి. దేశమున తయారగు యూరియాకంతకును వేపపూత యుండవలెనని ప్రభుత్వము శాసించుటకు 2015 వరకు పట్టినది. ఈ జాప్యమునకు ఏ సమర్థనయు నాకు గోచరించుటలేదు.

అయితే పలుచని నూనెపూత వేపపిండికి సాటి రాదు. పిండి తానే యొక యెరువు. నేలకు సేంద్రియ పదార్థము నిచ్చును, వేళ్లపై బుడిపెలు కట్టించు నులిపురుగులను కొంత అణచును. మరియు, నిలిచిన నీటిలో యూరియా చల్లినయెడల అమ్మోనియా గాలిలో కలియుటను ఈ పూత యాపజాలదు. దానికి ఉపాయము మడిలోనే కలదు: అనుభవశాలియైన రైతు ముందుగా నీరు తీసివేసి, బురదపదనున మందు చల్లి, ఒకటి రెండు దినములు గడచిన పిమ్మటగాని తిరిగి నీరు పెట్టడు.