వృక్ష రసాయనాల వినియోగం: ఆహార ప్రశ్నావళి చెప్పేదెంత, చెప్పలేనిదెంత?

పసుపులోని కర్కుమిన్, ఉల్లిపాయలోని క్వెర్సెటిన్, తేయాకులోని కాటెకిన్లు, టమాటాలోని లైకోపీన్ వంటి పేర్లు నేడు పత్రికల ఆరోగ్య పుటలలో తరచుగా కనిపిస్తున్నాయి. ఫలానా రసాయనాన్ని రోజుకు ఇన్ని మిల్లీగ్రాములు తీసుకొనేవారిలో ఫలానా వ్యాధి తక్కువగా ఉన్నదని వార్త వెలువడుతుంది. వేలాదిమంది భుజించిన ఆహారంలో ఈ మిల్లీగ్రాములను తూచినదెవరు? విజ్ఞానశాస్త్ర విద్యార్థి కాని ఈ వ్యాసకర్తకు మొదట కలిగిన సందేహం ఇదే. ఎవరూ తూచలేదన్నది సమాధానం. ఆ అంకెలలో అధికభాగం ప్రశ్నావళుల ద్వారా వచ్చిన అంచనాలు. ఆ అంచనాలు తయారయ్యే తీరును పాత్రికేయులు, అధికారుల సౌకర్యార్థం ఇక్కడ వివరించడమైనది.

గత ఏడాది కాలంలో ఏ పదార్థాన్ని ఎన్నిసార్లు తిన్నారని ఒక జాబితా ఆధారంగా అడగటం ఈ పద్ధతిలోని ముఖ్యాంశం. అమెరికాలో నర్సుల ఆరోగ్య అధ్యయనం కోసం హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ విల్లెట్ బృందం 1980లో 61 పదార్థాల ప్రశ్నావళిని వినియోగించింది. ఆ తరువాత ఈ పద్ధతి అనేక దేశాలకు విస్తరించింది. ఖర్చు తక్కువ, వేలమందిని ఒకేసారి అడగవచ్చు.

లెక్క కట్టే విధానం సులభమే. ఒక ఆకుకూర 100 గ్రాములలో ఒక రసాయనం 6 మిల్లీగ్రాములు ఉన్నదనుకుందాం. వారానికి మూడుసార్లు, ప్రతిసారి 50 గ్రాముల చొప్పున తింటానని గృహిణి చెబితే రోజుకు సుమారు 1.3 మిల్లీగ్రాములు వస్తుంది. వాస్తవానికి ఆమె తినేది వారానికి రెండుసార్లు, 40 గ్రాముల చొప్పున అయితే రోజుకు 0.7 మిల్లీగ్రాములు మాత్రమే. అడిగినవారు ఆరోగ్య కార్యకర్తలైతే ఆకుకూరలు ఒకటి రెండుసార్లు ఎక్కువగా చెప్పటం మానవ సహజం. అంత చిన్న మొహమాటానికే ఫలితం దాదాపు రెట్టింపవుతున్నది.

తెలుగువారి వంటింట ఈ చిక్కు మరింత జటిలం. తోటకూర పప్పులో తోటకూర ఎంత, పప్పు ఎంత? వండిన ఇల్లాలికి తెలియవచ్చు గాని, తిని లేచిన గృహస్థునికి తెలియదు. పోపులోని కరివేపాకును కొందరు తింటారు, కొందరు విస్తరి అంచున పెడతారు. చిటికెడు పసుపు ఏ కొలతకూ అందదు. పాశ్చాత్య జాబితాను యథాతథంగా అనువదిస్తే బ్రకోలీ ఉంటుంది, గోంగూర, మునగాకు, చింతచిగురు ఉండవు. జాబితాలో లేని పదార్థం లెక్కలో సున్నా అవుతుంది. ఋతువు ప్రభావం కూడా తక్కువేమీ కాదు. మే నెలలో అడిగితే ఏడాది పొడవునా మామిడిపండ్లు తిన్నట్లు, డిసెంబరులో అడిగితే ఆ ఊసే లేనట్లు జవాబులు వచ్చే అవకాశమున్నది.

ఈ కారణంగా ప్రశ్నావళి ఇచ్చే మిల్లీగ్రాములకన్నా, ఎక్కువ తినేవారెవరు, తక్కువ తినేవారెవరు అన్న వరుసక్రమమే విశ్వసనీయమైనదని నిపుణులు భావిస్తారు. ఆ వరుసనైనా కొద్దిమందిలో గత 24 గంటల ఆహార విచారణతోగాని, తూచి రాసిన ఆహార దినచర్యతోగాని సరిచూడాలి. రక్తంలోని కెరోటినాయిడ్లు, మూత్రంలోని జీవక్రియా ఫలితాలు మరొక సాక్ష్యం. ఇంగ్లండులోని నార్ఫోక్ ప్రాంతంలో 25 వేలకు పైగా ప్రజలపై జరిగి 2020లో ప్రచురితమైన అధ్యయనంలో ఫ్లేవనాల్ వినియోగాన్ని మూత్ర పరీక్ష ద్వారానే అంచనా వేశారు. తేయాకు రకాన్ని, కాచే తీరును బట్టి ఒక కప్పు టీలోని మోతాదు ఎంతగానో మారుతుంది కనుక కప్పుల లెక్క చాలదని వారి అభిప్రాయం.

రెండు అధ్యయనాల అంకెలను పక్కపక్కన పెట్టి వార్త రాయటంలోనూ ప్రమాదమున్నది. నెదర్లాండ్స్‌లోని జుట్‌ఫెన్ పట్టణంలో 805 మంది వృద్ధులు రోజుకు సగటున 25.9 మిల్లీగ్రాముల ఫ్లేవనాయిడ్లు తీసుకొంటున్నారని 1993లో ప్రకటించారు. అందులో లెక్కించినవి ఐదు రకాలే, కాటెకిన్లు లేవు. అనేక రకాలను కలిపిన తదుపరి అధ్యయనాలలో అంకె వందల మిల్లీగ్రాములకు చేరింది. ప్రజల ఆహారం మారనవసరం లేదు, లెక్కించిన రకాలు పెరిగితే చాలు.

అంచనాను ఔషధంగా మార్చినప్పుడు ఏమి జరుగుతుందో ఫిన్లాండు అనుభవం తెలుపుతున్నది. కూరగాయలు, పండ్లు ఎక్కువగా తింటామన్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా కనిపించింది. వాటిలోని బీటా కెరోటిన్ కారణం కావచ్చునని భావించి, పొగతాగే 29,133 మంది పురుషులతో ప్రయోగం నిర్వహించారు. బీటా కెరోటిన్ కేటాయించినవారికి రోజుకు 20 మిల్లీగ్రాముల మోతాదు. 1994లో వెలువడిన ఫలితం ప్రకారం, మాత్ర మింగినవారిలో ఆ క్యాన్సర్ 18 శాతం అధికంగా నమోదైంది. అమెరికాలో ఇటువంటి మరొక ప్రయోగాన్ని 1996లో గడువుకు ముందే నిలిపివేశారు. కూరగాయలు తినేవారి జీవనశైలిలోని ఇతర అంశాలను, ఆహారంలోని ఇతర పదార్థాలను ప్రశ్నావళి ఒక్క రసాయనం నుండి విడదీయలేకపోయింది.

మన దేశానికి సంబంధించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార విశ్లేషణ పట్టికలలో 528 ఆహార పదార్థాల వివరాలున్నాయి. కెరోటినాయిడ్లు, పాలీఫినాళ్ల విలువలు కూడా వాటిలో చేరాయి. దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విభజించి నమూనాలు సేకరించారు. అయితే ఈ విలువలు ప్రధానంగా పచ్చి పదార్థాలవి. ఉడికించి నీరు పారబోసే ఇంటికి, అదే నీటితో చారు కాచే ఇంటికి పట్టిక ఒకే అంకెను ఇస్తుంది.

జిల్లాలలో ఆహార సర్వేలు చేపట్టే అధికారులు ఏ నెలలో అడిగారు, ఎవరిని అడిగారు (వండినవారినా, తిన్నవారినా), ఏ పట్టిక వాడారు అన్న వివరాలను నివేదిక మొదటి పుటలోనే పొందుపరచటం ఉచితం. పత్రికా ప్రకటనలో ఈ వివరాలు లేనప్పుడు విలేకరులు అడిగి తెలుసుకొనవచ్చు.