నొప్పి లేని పోటు

మా నాయనకు రక్తపోటు ఉందని మా పల్లెకు వచ్చిన 104 బండిలో చూసి చెప్పి ఏడాది దాటింది. పైది 170, కిందిది 100. మాత్రలు ఇచ్చారు. పదిహేను రోజులు మింగి మానేశాడు. సెలవులకు పోయినప్పుడు అడిగితే, "నాకేమైందిరా అబయా? తలనొప్పా, గుండెనొప్పా? పొద్దన్నే లేచి రెండెకరాలకు నీళ్ళు కట్టి వస్తుండా. జబ్బుంటే నాకు తెలవదా?" అన్నాడు. జంతుశాస్త్రం రికార్డులో హృదయం బొమ్మను కళ్ళు మూసుకుని గీయగల నాకు జవాబు తోచలేదు.

ఇదే మాట మా జేజి కూడా అనేది. ఉదయగిరికీ ఆత్మకూరుకీ మధ్య మెట్ట పల్లె మాది. మూడేళ్ళ కిందట కల్లంలో కందులు చెరుగుతూ ఆమె ఉన్నట్టుండి కూలబడింది. ఆత్మకూరు చేర్చేసరికి మాట పోయింది, కుడి చెయ్యి పడిపోయింది. మాట కొంత తిరిగొచ్చింది గాని అన్నం ఇప్పటికీ ఎడమచేత్తోనే తింటుంది. కాబట్టి ఈ వ్యాసం మా నాయనకు నేను బాకీపడ్డ జవాబు. పాఠక మిత్రులు పక్కన కూర్చుని వింటే సంతోషం.

గుండె ఎవరి పిడికిలంత వారికి ఉండే కండర సంచి. బరువు సుమారు 300 గ్రాములు. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. ఒళ్ళంతా తిరిగి వచ్చిన రక్తం కుడి కర్ణికలో చేరి, కుడి జఠరికలోకి దిగి, ఊపిరితిత్తులకు పోతుంది. అక్కడ ప్రాణవాయువు నింపుకొని ఎడమ కర్ణికకు వచ్చి, ఎడమ జఠరికలోకి దిగి, మహాధమని గుండా మళ్ళీ ఒళ్ళంతా పారుతుంది. అంటే ఇది ఒక మోటారు కాదు, పక్కపక్కన బిగించిన రెండు మోటార్లు. కుడిదానికి పక్కనే ఉన్న ఊపిరితిత్తుల దాకా తోసే పని. ఎడమదానికి నడినెత్తి నుంచి కాలి బొటనవేలి దాకా తోసే పని. అందుకే ఎడమ జఠరిక గోడ కుడిదానికి దాదాపు మూడింతల మందం.

బావి మోటారు ఉన్న ఇంట్లో పుట్టినవాడికి కవాటం సంగతి వేరే చెప్పాలా? పైపు అడుగున ఫుట్ వాల్వు చెడితే ఎక్కిన నీళ్ళన్నీ బావిలోకి జారిపోతాయి. బకెట్లతో పైనుంచి పోసి మళ్ళీ ఎక్కించుకోవాలి. గుండెలో అలాంటి కవాటాలు నాలుగు. డాక్టరు గొట్టం పెట్టి వినే 'లబ్ డబ్' ఈ తలుపులు మూసుకునే చప్పుడే. ఇక కరెంటు. కుడి కర్ణిక గోడలో సిరాకర్ణికా కణుపు అనే చిన్న కండరపు ముక్క ఉంది. అది తనంతట తానే నిమిషానికి 70 సార్లకు అటూ ఇటూగా విద్యుత్ ప్రేరణ పుట్టిస్తుంది. వ్యవసాయానికిచ్చే తొమ్మిది గంటల కరెంటు మీద గుండె నడిచేదైతే మనలో ఎవరమూ తెల్లారి లేచేవాళ్ళం కాదు.

ఒక్కో స్పందనకు జఠరిక తోసే రక్తం సుమారు 70 మిల్లీలీటర్లు. నిమిషానికి 5 లీటర్లు, రోజుకు 7,200 లీటర్లు. ఎండాకాలం మా పల్లెకు వచ్చే నీళ్ళ ట్యాంకరు 5,000 లీటర్లది. అంటే రోజుకు దాదాపు ఒకటిన్నర ట్యాంకరు! మరి ఒంట్లో ఉన్న రక్తమో, మొత్తం 5 లీటర్లే. ఇంగ్లండులో విలియం హార్వే ఇలాంటి లెక్కే వేశాడు. ఇంత రక్తం తిన్న అన్నంలోంచి ఎప్పటికప్పుడు పుట్టడం అసాధ్యం, ఉన్నదే తిరిగి తిరిగి రావాలి అని 1628లో అచ్చువేసి చెప్పాడు.

ఆ రక్తం నాళాల గోడల మీద చేసే ఒత్తిడే రక్తపోటు. దీన్ని మొదట కొలిచినవాడు స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లీషు ఫాదిరీ. గుర్రం ధమనిలో గాజు గొట్టం దూర్చితే రక్తం 8 అడుగుల 3 అంగుళాల ఎత్తుకు లేచిందని 1733లో రాశాడు. మనుషులకు అట్టా చేస్తే ఒక్కరూ పరీక్షకు రారు. 1896లో ఇటలీ వైద్యుడు రివా రోచ్చి చేతికి చుట్టే పట్టీ తెచ్చాడు. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవ్ ఆ పట్టీ కింద చప్పుళ్ళు విని రెండు అంకెలూ పట్టే పద్ధతి చెప్పాడు. జఠరిక ముడుచుకున్నప్పటి ఒత్తిడి పై అంకె, సడలినప్పటిది కింది అంకె. 120 అంటే 120 మిల్లీమీటర్ల పాదరసం. నీళ్ళలో చెబితే 163 సెంటీమీటర్ల ఎత్తు, దాదాపు మనిషి నిలువు. మా నాయన 170 అంటే నీళ్ళను ఏడున్నర అడుగులు లేపే ఒత్తిడి. గుండె కొట్టిన ప్రతిసారీ అంత ఒత్తిడిని మెదడులోని సన్నని నాళాలు కాసుకోవాలి.

ఈ ఒత్తిడిని నిర్ణయించేవి రెండు. గుండె నిమిషానికి ఎంత తోస్తుంది, దారి ఎంత ఇరుకుగా ఉంది. పైపు మూతిని బొటనవేలితో నొక్కి చూసిన ఎవరికైనా రెండోది అర్థమవుతుంది. ఒంట్లో ఆ బొటనవేలి పని చేసేవి ధమనికలు. నాళం సగానికి ఇరుకైతే అడ్డు రెండింతలు కాదు, పదహారింతలు అవుతుంది. మొన్న స్నేహితులతో ఉదయగిరి దుర్గం ఎక్కాను. శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న కొండ అది, ఊరికే ఎక్కనిస్తుందా! సగం దారిలోనే గుండె దడదడలాడింది. అప్పుడది నిమిషానికి మామూలుకు మూడింతలు తోస్తూ ఉండొచ్చు. అయినా పోటు అంతకు అంతా పెరగలేదంటే, కాలి కండరాల్లోని ధమనికలు తెరుచుకుని దారి ఇచ్చాయన్నమాట.

ఇదంతా చూసుకునే కాపలా ఉంది. మెడలో కరోటిడ్ ధమని చీలేచోట, మహాధమని వంపులో, గోడ ఎంత సాగిందో కనిపెట్టే గ్రాహకాలు ఉన్నాయి. పొద్దంతా వంగి కలుపు తీసిన ఆడకూలీలు చటుక్కున లేస్తే కళ్ళు బైర్లు కమ్ముతాయి. అర లీటరుకు పైగా రక్తం కాళ్ళవైపు దిగి, మెదడుకు పోయేది తగ్గుతుంది. గ్రాహకాలు ఆ సంగతిని మజ్జాముఖానికి చేరవేస్తాయి. సహానుభూత నాడులు గుండెను తొందరపెట్టి ధమనికలను బిగిస్తాయి. నాలుగు క్షణాల్లో కళ్ళు తేటపడతాయి.

మా నాయన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఈ వార్తలన్నీ మజ్జాముఖం దాకానే. మన తెలివికి ఎక్కవు. పైగా ఒత్తిడి కొద్ది రోజులపాటు ఎక్కువగానే నిలిచిపోతే గ్రాహకాలు దానికి అలవాటుపడతాయి. ఆ ఎక్కువనే మామూలని లెక్కవేసి, దాన్నే కాపాడటం మొదలుపెడతాయి. కాబట్టి 170 ఉన్న మనిషికి ఒళ్ళు బాగానే ఉన్నట్టుంటుంది. మన భాష కూడా ఇక్కడ కొంచెం మోసం చేసింది. తలపోటు, పంటిపోటు, గుండెపోటు అన్నీ నొప్పులే. అదే మాట తగిలించుకున్న రక్తపోటు మాత్రం నొప్పించదు. నొప్పించకుండానే ధమని గోడలను గట్టిపరుస్తుంది, ఎడమ జఠరికను మందంగా ఉబ్బిస్తుంది, మూత్రపిండాలను తినేస్తుంది. ఒకనాడు మెదడులో ఒక నాళం పగులుతుంది, లేదా పూడిపోతుంది. జేజికి జరిగింది అదే. గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో 2003-04లో మరణాల కారణాలు రాసి చూస్తే, దాదాపు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బులవే. పట్నం వాళ్ళ జబ్బు అనుకోవడానికి లేదు.

నాడులది క్షణాల పని. రోజుల తరబడి ఒత్తిడిని నిలబెట్టేది మూత్రపిండం. దానికి ఒత్తిడి తగ్గినట్టు తోస్తే రెనిన్ వదులుతుంది. దానివల్ల ఆంజియోటెన్సిన్ తయారై నాళాలను బిగిస్తుంది, ఆల్డోస్టిరోన్‌ను పురమాయించి ఉప్పును ఒంట్లోనే ఆపుతుంది. ఉప్పు ఉన్నచోట నీళ్ళుంటాయి, కాలువ నిండుతుంది. బ్రెజిల్‌లో ఒక జాతి పాము కరిస్తే పోటు పడిపోతుంది. ఆ విషంలో ఆంజియోటెన్సిన్ తయారీని ఆపే పదార్థం దొరికింది. ఆ దారినే కాప్టొప్రిల్ అనే మందు పుట్టి 1981లో వాడకానికి వచ్చింది. రక్తపింజరకు భయపడి కర్ర లేకుండా చేలో అడుగుపెట్టని మా వాళ్ళకు ఈ ముక్క చెబితే నమ్మరు.

ఉప్పు రోజుకు 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంటే ఒక చెంచా. మా ఇంట్లో ఆవకాయ, ఊరుమిరపకాయలు, ఎండుచేపలు కలిపితే ఎంతవుతుందో లెక్కవేయడానికి నాకు ధైర్యం చాలలేదు.

సంక్రాంతికి పోయినప్పుడు ఇదంతా నాయనకు చెప్పాను. ఫుట్ వాల్వు దగ్గర తలూపాడు. రెనిన్ దగ్గర ఆవులించాడు. గ్రాహకాలు అలవాటుపడే సంగతి మాత్రం రెండుసార్లు చెప్పించుకున్నాడు. "అంటే కావలోడే దొంగతో కలిసిపోయినట్టా?" అని అడిగాడు. అట్టాంటిదే అన్నాను. జేజి మంచం వైపు కాసేపు చూసి, "మాత్రలు యాడ పెట్టిందో మీ అమ్మనడుగు. ఊరగాయ జోలికి మాత్రం రావద్దు" అన్నాడు.