పరదేశయాత్రకు ఏ ఋతువు మంచిది?

పరదేశమునకు బోవ దలచినవారు మొట్టమొదట నడుగు ప్రశ్న, "అచ్చట మంచికాల మెప్పుడు?" అని. దీనికి యాత్రాదర్శినులలో సమాధానము సిద్ధముగనే యుండును. ఒక్కొక్క దేశమునకు ఒక్కొక్క పంక్తి: ఫలానా మాసము మొదలు ఫలానా మాసము వరకు. ఇటీవల మా మిత్రులైన న్యాయవాది యొకరు ఈ ప్రశ్ననే మా యెదుట బెట్టిరి. వారి కుమార్తె చికాగోలో నున్నది. తొలి కాన్పు. జనవరిలో నని వైద్యులు చెప్పిరి. తల్లి వెళ్ళవలెను. ఆమెకు అరువదిరెండేండ్లు, మోకాళ్ళ నొప్పులు, హైదరాబాదులో పుష్యమాసపు చలికే రెండు దుప్పట్లు కప్పుకొను మనిషి. యాత్రాదర్శిని మాత్రము చికాగోకు మే మొదలు సెప్టెంబరు వరకు అనుకూలమని చెప్పుచున్నది. "ఏమి చేయుదుము?" అని వారు అడిగినపుడు, ఎందువలననో, మాకు బీదరు జ్ఞప్తికి వచ్చినది.

బీదరు రాజధానికి దూరము కాదు. 140 కిలోమీటర్ల ప్రాంతము. 1956 నవంబరు 1వ తేదీ వరకు అది హైదరాబాదు రాష్ట్రములోనిదే. జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలు ఆ జిల్లాలోనివే. ఇప్పుడు కర్ణాటకమునకు చెందినను, మనవారికి అది పొరుగూరు. అట్టి ఊరికి అయిదున్నర శతాబ్దముల క్రిందట అఫనాసీ నికితిన్ అను రష్యను వర్తకుడు వచ్చెను. వోల్గా నదీతీరమునందలి త్వేరు అతని పట్టణము. 1460వ దశకము చివర ఇల్లు విడిచి, 1470 ప్రాంతమున బీదరులో నివసించి, తన యాత్రను వ్రాసి యుంచెను. "మూడు సముద్రముల కావలి యాత్ర" యని దానికి పేరు. యాత్రకు తగని కాలమున బయలుదేరిన వాని గతి యేమగునో, ఆ పుస్తకములో చూచినంత స్పష్టముగా మే మింకెచ్చటను చూడలేదు.

అతడు హిందూదేశమునకు రావలెనని బయలుదేరినవాడు కాడు. వోల్గా మార్గమున ఆస్త్రాఖాను దగ్గర తాతారులు దోచుకొనగా, సరకు పోయి, అప్పులు మాత్రము మిగిలి, తిరిగి స్వదేశమునకు బోవుటకు ముఖము చెల్లక దక్షిణమునకు నడచెను. పారసీకమునందలి హోర్ముజు రేవు చేరి, ఒక మగ గుఱ్ఱమును కొనెను. దక్షిణాపథమున గుఱ్ఱములు పుట్టవనియు, సముద్రము మీదుగా వచ్చు గుఱ్ఱములకు బహమనీ రాజ్యమున మంచి వెల పలుకుననియు అతడు వినెను. ఆ మాట నిజమే. అయితే ఏ మాసమున పలుకునో అతనికి చెప్పినవారు లేరు.

క్రైస్తవుల ఈస్టరు పండుగ దాటిన వారమున, అనగా ఏప్రిలు ప్రాంతమున, గుఱ్ఱముతోకూడ ఓడ యెక్కి, మస్కటు, గుజరాతు, ఖంబాయతుల మీదుగా కొంకణతీరమునందలి చౌలు రేవున దిగెను. నైరృతి గాలి ఉద్ధృతమైన దినములలో పడమటి తీరమున రేవులు మూతబడుట ఆనాటి వాడుక. అందుచేత అతడు వచ్చినది ఆ యేటి ఓడల కాలమునకు దాదాపు తుదిలో. సముద్రమునకు సంబంధించినంతవరకు లెక్క సరిపోయినది. నేల మీదికి వచ్చుసరికి తప్పినది. కనుమలెక్కి జున్నరు చేరగనే వానలు పట్టుకొన్నవి. రెండు మాసములు అక్కడనే నిలిచిపోవలసి వచ్చెను.

ఆ వానకాలమును అతడు "శీతకాల" మని వ్రాసెను! త్రిమూర్తి పండుగనాడు, అనగా మే జూనుల సంధిని, ఇచ్చట శీతకాలము మొదలగు ననియు, నాలుగు మాసములు రాత్రింబవళ్ళు ఎటుచూచినను నీళ్ళును బురదయు ననియు, ఆ దినములలోనే ఇచ్చటివారు దున్ని గోధుమలు, వరి, శనగలు విత్తుదు రనియు అతని వ్రాత. తరువాత వచ్చిన పోర్చుగీసువారును గోవాలో వానకాలమును శీతకాల మనియే పిలిచిరి. రాకపోకలు నిలిచి మనుష్యుడు ఇంటిపట్టున ఉండు కాలమే శీతకాలమని వారి భావము కాబోలు. అక్టోబరు మొదట వచ్చు దేవమాత పండుగతో ఇచ్చట వసంతము ప్రారంభమగునని కూడ నికితిన్ వ్రాసెను. మన శరదృతువు అతనికి వసంతమైనది! ఇది చదివి నవ్వబోయి మేము ఆగితిమి. ఆరు ఋతువుల దేశమున పుట్టి, ఇంగ్లీషు వాచకములలో నాలుగు ఋతువులు వల్లించి, మాఘమాసపు నునువెచ్చని యెండలో కూర్చుండి మంచును గూర్చిన పద్యములు కంఠస్థము చేసిన మనకు నవ్వు హక్కు లేదు.

ఇక ఎండల సంగతి. మన వేసవిని గూర్చి పరదేశీయులందరు భయపడుదు రని మన నమ్మకము. నికితిన్ మాత్రము హిందూస్థానమున తీవ్రమైన వేడిమి లేదని వ్రాసెను. హోర్ముజులోను, బహ్రెయినులోను, జిద్దాలోను వేడిమి తీవ్రమట. హోర్ముజు ఎండ మనిషిని మాడ్చివేయునట. మంచుదేశమువాడు బీదరులో ఎండ లేదనెను! దీనిలో వింత యేమియు లేదు. అతడు త్వేరునుండి తిన్నగా ఊడిపడలేదు. హోర్ముజు మీదుగా వచ్చెను. పైగా బీదరు సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైనున్న ఎఱ్ఱరాతి పీఠభూమి. ఒక దేశపు వేడిమి గాని చలి గాని దాని యంతట అది ఇంతయని ఉండదు. వచ్చినవాడు ఎచ్చటనుండి వచ్చెనో, ఏ చూరు క్రింద తలదాచుకొన్నాడో అదియు అందులో చేరును.

ఈ చూరు సంగతి చిన్నది కాదు. హజ్జు యాత్ర చాంద్రమానము ననుసరించి ఏటేట పదునొకండు దినములు ముందుకు జరుగుచు, ముప్పదిమూడేండ్ల ప్రాంతమున అన్ని ఋతువులను చుట్టివచ్చును. భక్తునకు ఋతువును ఎన్నుకొను స్వాతంత్ర్యము లేదు. 2024 జూనులో మక్కాలో వేడిమి 51 డిగ్రీలు దాటెను. 1,301 మంది మరణించిరని సౌదీ ప్రభుత్వము ప్రకటించినది. వారిలో అయిదింట నాలుగు వంతులకు మించి అనుమతిపత్రములు లేక, నీడయు విశ్రాంతియు లేక ఎండలో దూరములు నడచినవారని ఆ ప్రకటనయే చెప్పినది. అదే ఎండలో చల్లని గుడారములు, బండ్లు గలవారు లక్షలకొలది క్షేమముగా తిరిగివచ్చిరి. "ఏ మాసము?" అను ప్రశ్న కంటె "ఏ వసతి?" అను ప్రశ్నకు ఆ యేడు విలువ హెచ్చినది.

మరల జున్నరునకు వత్తము. నికితిన్ గుఱ్ఱమును అచ్చటికి తెచ్చుసరికి నూరు రూబుళ్ళు అయినది. వానలలో దానిని అమ్మలేడు, మేపకుండ నుండలేడు. ఇచ్చట గుఱ్ఱములకు శనగలు పెట్టుదు రనియు, చక్కెరయు నేయియు వేసి కిచిడీ వండి పెట్టుదు రనియు అతడు ఆశ్చర్యముతో వ్రాసినాడు గాని, ఆ కిచిడీకి సొమ్ము అతని మూటనుండియే కదా పోయినది! ఇంతలో జున్నరు పాలకుడైన అసదుఖాను ఆ గుఱ్ఱమును పట్టుకొనెను. వాడు ముసల్మాను కాడు, రష్యను వాడని తెలిసి, మతము మార్చుకొన్నచో గుఱ్ఱమును ఇచ్చి పైన వేయి బంగారు నాణెములు ఇత్తుననియు, లేనిచో గుఱ్ఱమును తీసికొని వేయి నాణెములు దండుగ కట్టింతుననియు, నాలుగు దినములు గడువిచ్చెను. ఖొరాసానువాడైన ఖోజా మహమ్మదు అను నతడు అడ్డుపడి విడిపింపకున్నచో కథ అచ్చటనే ముగిసెడిది. ఆగస్టు నడుమ జున్నరు విడిచి, బురదలోనే నెలదినములు నడచి బీదరు చేరెను. ఏడాది మేపి, అరువదియెనిమిది నాణెములు దానిపై వెచ్చించి, తుద కచ్చటనే గుఱ్ఱమును అమ్మెను. లాభము మాట చెప్పలేదు, చెప్పదగినంత యుండదు.

వానలు వెలిసిన తరువాత ఈ సీమలో ఏమి జరుగునో మన కెఱుకయే. దసరా వెళ్ళినది మొదలు దారులు ఆరును. పూర్వము రాజులు దండెత్తు కాలమును అదియే. గుఱ్ఱమునకు గిరాకియు అప్పుడే. బీదరునకు కొంత దూరమున ఆళందలో షేకు అలావుద్దీను దర్గా చెంత ఏటేట అక్టోబరు ప్రాంతమున జరుగు సంతకు ఇరువదివేల వరకు గుఱ్ఱములు వచ్చు నని నికితినే వ్రాసినాడు. హోర్ముజులో ఎవ్వరైన అతనికి ఈ సంతను గూర్చి చెప్పి యున్నచో, అతడు వానలు వెలిసిన తరువాత దిగునట్లు చూచుకొనెడివాడు. కిచిడీ ఖర్చు మిగిలెడిది. తనకు అబద్ధములు చెప్పి మోసపుచ్చిరని అతడు తోడి వర్తకులను తిట్టినాడు. మా కట్లు తోచదు. వారు సరకు సంగతి చెప్పిరి, ఋతువు సంగతి చెప్పలేదు. అడుగవలసినది అతడును.

ఇందుకు మారుగా, ఎవ్వరిని అడుగకనే కాలము కలిసివచ్చిన సందర్భము ఒకటి అతని పుస్తకమున ఉన్నది. అది మన తెలుగునాటిది. బీదరులో పరిచయమైన హిందువులతో కలిసి అతడు "పర్వతము"నకు వెళ్ళెను. అది మన శ్రీశైల మని పండితులు నిర్ణయించిరి. క్రైస్తవుల దీర్ఘోపవాసముల వేళ జనము అచ్చటికి బోవుదురని అతడు వ్రాసినది శివరాత్రికి సరిపోవుచున్నది. బీదరునుండి నెల ప్రయాణము. అయిదు దినముల తిరునాళ్ళు. శిలలపై చెక్కిన దేవతామూర్తులను, నల్లరాతి నందిని, తలనీలాలిచ్చు జనమును, తల యొక్కింటికి ఇంతయని పుచ్చుకొను సుంకమును అతడు చూచి వ్రాసెను. నేటి యాత్రాదర్శిని యేదైన అతనికి సలహా చెప్పి యున్నచో, "శివరాత్రికి పోవలదు, త్రొక్కిడి మెండు, సమ్మర్దము లేని వేళ బొమ్ము" అని యుండెడిది. అట్లు పోయి యున్నచో అతనికి గోడలు కనబడెడివి.

బీదరుకోటలోని సుల్తాను వైభవమును, "మలికుత్తుజ్జారు" బిరుదు గల మహమూదు గవాను సేనలను గూర్చియు అతడు వ్రాసెను. ఆ గవానును పరదేశియే. 1453లో దాభోలు రేవున దిగి బీదరు చేరి మంత్రియైనవాడు. 1472నాటి అతని మదరసా, సగము కూలియు, నీలిపచ్చ పలకలు కొన్ని నిలుపుకొని నేటికిని నిలిచి యున్నది. మేము దానిని ఒక శ్రావణమాసమున చూచితిమి. ఎఱ్ఱబురద చెప్పులకు పట్టుకొని వదలలేదు. చూడవచ్చినవారు మేము తప్ప నలుగురైదుగురు. కావలివాడు తీరికగా మాతో గంటసేపు మాటలాడెను. డిసెంబరులో అతనికి ఆ తీరిక యుండదు. వానలో తడిసిన ఆ పలకల రంగు మాత్రము మేము మఱవలేదు.

మన సెలవుల సంగతియు చెప్పవలెను. న్యాయస్థానములకు మే మాసమున సెలవు, బడులకును అదియే. మనలో అనేకులకు ఋతువును ఎన్నుకొను భాగ్యము లేదు, సెలవే మన ఋతువు. అందరును ఒక్కసారి బయలుదేరుటచే టిక్కెట్టు ధరలు రెట్టింపగును. అమెరికాలోని బిడ్డల యొద్దకు బోవు తల్లిదండ్రులును చైత్ర వైశాఖములలో పోయి ఆశ్వయుజమునకు మరలి వచ్చుట ఆచారమైనది. కాలినడకకు, తోటపనికి, పదిమందిని కలియుటకు అది తగిన కాలమే. ఊరక చూచి వచ్చువారికి దానికి మించిన కాలము లేదు. ఆస్ట్రేలియాకు పోవువారు ఈ లెక్కను తలక్రిందులు చేసికొనవలెను. అచ్చట వేసవి డిసెంబరులో. అది మఱచి వైశాఖమున మెల్‌బోరనుకు పలుచని బట్టలతో పోయి వణకినవారిని మే మెఱుగుదుము.

కాని మా మిత్రుని భార్య చికాగోను చూచుటకు బోవుటలేదు. ఈ తేడాను గుర్తించుటలో వారు మొదట పొరబడిరి. కాన్పు మాఘమునకో వైశాఖమునకో మన సౌకర్యము కొఱకు జరుగదు. మేమును వారును కూర్చుండి లెక్క వేసితిమి. పర్యాటకులకు వీసాపై అచ్చట ఉండుటకు సాధారణముగా ఆరు మాసముల వరకు అనుమతి నిత్తురు. ఈ యారు మాసములను ఎచ్చట మొదలుపెట్టవలెనన్నదే నిజమైన ప్రశ్న. డిసెంబరు చివర పోయినచో బాలింతకు నలుబది దినములు దాటువరకు తోడుండును. ఆ దినములలో ఇల్లు కదలవలసిన పని లేదు, ఇల్లు వెచ్చగనే యుండును. మంచు కరగి, చెట్లు చిగిర్చి, పసిబిడ్డను తోపుడుబండిలో వీథికి తీసికొనిపోవు వేళకును ఆమె అచ్చటనే యుండును. మే మాసమునకై వేచి పోయినచో చక్కని యెండ కనబడును గాని, పురిటిగది కనబడదు. చలికి కావలసినది మంచుపై జారని చెప్పులు, మెడ వరకు మూయు ఉన్నికోటు, మోకాళ్ళకు మందులు. వీటి నన్నిటికంటె ముందు వైద్యభీమా. విమానాశ్రయమున చక్రాల కుర్చీ కావలెనని టిక్కెట్టు కొనునపుడే చెప్పవలెను, ఇందుకు సిగ్గుపడనక్కరలేదు.

నికితిన్ మరలిపోవునపుడును కాలము అతనికి అనుకూలింపలేదు. దాభోలున ఓడ యెక్కినంతట గాలి అతనిని హబషీల తీరమునకు కొట్టుకొనిపోయెను. నల్లసముద్రమును శరత్కాలపు తుపానులలో దాటవలసి వచ్చెను. వోల్గా మార్గమున దోపిడిలో మతగ్రంథములు కూడ పోవుటచే తన పండుగ లెప్పుడో కూడ అతనికి తెలియకుండెను. ముసల్మానుల పండుగను చూచి ఈస్టరును ఊహించుకొనెడివాడు. స్మొలెన్స్కు చేరకమునుపే మరణించెను. అతని వ్రాతప్రతి 1475లో మాస్కోలోని రాజోద్యోగి యొకని చేతి కందెను.

మా మిత్రుని భార్య మార్గశిరమాసమున బయలుదేరుచున్నది. చెప్పులు సుల్తాను బజారులో దొరకలేదు. కుమార్తెయే అచ్చట కొని యుంచెదనని వ్రాసినది. పెట్టెలో సగము మినుములు, శొంఠి, మిరియములు, పాతచీరలు. మిత్రులు మాత్రము కోర్టు సెలవు లిచ్చిన తరువాత మే మాసమున పోదురట.