కొత్తపట్నం తీరం: చరిత్ర - దర్శనీయాంశాలు

1. ఉపోద్ఘాతం

ప్రకాశం జిల్లా కేంద్రమైన ఒంగోలుకు తూర్పున, సుమారు 18 కిలోమీటర్ల దూరంలో, బంగాళాఖాతపు ఒడ్డున ఉన్న మండల కేంద్రం కొత్తపట్నం. నేడు ఇది ప్రధానంగా విహారస్థలంగా, మత్స్యకారుల జీవనాధారంగా ప్రసిద్ధం. అయితే కోస్తా ఊళ్ల పేర్లలో ‘పట్నం’ అనే పదం తరచు రేవును సూచిస్తుంది. మచిలీపట్నం, నిజాంపట్నం, కృష్ణపట్నం ఇందుకు నిదర్శనాలు. ఈ తీరంలో తుపానుకు అడ్డునిలిచే కొండ గానీ, ఓడ తలదాచుకొనే వంపు గానీ లేవు. ఓడలు దూరంగా లంగరు వేస్తే పడవలపై సరుకును ఒడ్డుకు చేర్చేవారు. ప్రకృతి రక్షణ కొరవడిన ఇటువంటి చోట పాలకుల వైఖరే తీరవాసుల, వర్తకుల గతిని నిర్ణయించిందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ప్రాచీన సముద్ర వాణిజ్యం

క్రీ.శ. 1వ శతాబ్దానికి చెందిన గ్రీకు గ్రంథం ‘ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్’ ఆంధ్రతీరాన్ని ‘మసాలియా’గా పేర్కొని, అక్కడ నేసే సన్నని నూలు వస్త్రాలను ప్రస్తావించింది. 2వ శతాబ్దంలో టాలమీ ఈ ప్రాంతాన్నే ‘మైసోలియా’ అన్నాడు. ఆయన పేర్కొన్న ‘కొంటకొస్సుల’ కృష్ణా జిల్లాలోని ఘంటసాల అని చరిత్రకారులు గుర్తించారు.

3. మోటుపల్లి అభయశాసనం

కొత్తపట్నానికి ఉత్తరంగా, చీరాలకు చేరువలో ఉన్న మోటుపల్లి కాకతీయుల కాలంలో ప్రధాన రేవు. దీనికి దేశీయుయ్యకొండపట్టణం అనే పేరు కూడా ఉంది. శక సంవత్సరం 1166లో (క్రీ.శ. 1244-45) గణపతిదేవుడు ఇక్కడ వేయించిన అభయశాసనం వీరభద్రాలయంలోని స్తంభంపై ఉంది. తుపానుకు చెడి ఒడ్డుకు చేరిన ఓడల సరుకును పూర్వరాజులు బలవంతంగా అపహరించేవారని, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేమీ గ్రహించనని ఆయన అందులో ప్రకటించాడు. ఎగుమతి, దిగుమతులపై సుంకం ముప్పయ్యో వంతు. ఓడ పోగొట్టుకొన్న వర్తకుడికి మిగిలిన సరుకునైనా దక్కించడమే ఈ అభయంలోని సారం.

13వ శతాబ్ది చివర మార్కోపోలో ‘ముత్ఫిలి’ పేరుతో వర్ణించింది ఈ రేవు సీమనే. ఆయన వజ్రాలను, మేలైన వస్త్రాలను, రాజ్యమేలుతున్న రాణిని ప్రశంసించాడు. కాకతీయుల అనంతరం 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి సైతం మోటుపల్లిలో వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. రాజ్యం మారినప్పుడు పాత హామీని మళ్లీ పలకవలసి వచ్చిందని దీనివల్ల గ్రహించవచ్చు.

4. కొత్తపట్నం: 1937

తీరానికి వచ్చినవారిపట్ల ప్రభుత్వం ఎలా వ్యవహరించాలన్న ప్రశ్న ఇరవయ్యో శతాబ్దంలో కొత్తపట్నంలో మరో రూపం దాల్చింది. 1937 వేసవిలో ఇక్కడ ఆర్థిక, రాజకీయ పాఠశాల నిర్వహించారు. అన్నాప్రగడ కామేశ్వరరావు దీనికి ప్రిన్సిపాల్. ఎన్నికల్లో గెలిచిన కాంగ్రెస్ అప్పటికి పదవులు స్వీకరించలేదు. మద్రాసులో కూర్మా వెంకటరెడ్డి నాయుడి తాత్కాలిక మంత్రివర్గం ఉంది. ప్రభుత్వం పాఠశాలను నిషేధించింది. పోలీసులు లాఠీచార్జి చేశారు. ఒకనాడు పరదేశీయుల సరుకుకు రక్షణ లభించిన తీరంలోనే, చదువుకోవడానికి వచ్చిన స్వదేశీ యువకులకు ఆ రక్షణ కరవైంది.

5. దర్శనీయాంశాలు

కొత్తపట్నం సందర్శకులకు ఇసుకతీరం, వేటపడవలు ప్రధానాకర్షణలు. తీరానికి సమాంతరంగా సాగే బకింగ్‌హాం కాలువ ఒకనాటి జలరవాణాకు సాక్ష్యం. ఈ కోస్తా ఇసుకనేలల్లో రైతులు తవ్వుకొనే డొరువులు ప్రత్యేకంగా గమనింపదగినవి. ఉప్పునీటిపై తేలియాడే పలుచని మంచినీటి పొరను లోతుగా తోడితే ఉప్పునీరు పైకి వస్తుంది. అందుకే డొరువులను లోతు తక్కువగా తవ్వి, పైనీటితోనే పైరు తడుపుతారు. మోటుపల్లి శాసనస్తంభాన్ని కూడా చేర్చుకొంటే ఈ తీరయాత్ర సమగ్రమవుతుంది.

6. ముగింపు

2004 డిసెంబరు 26 నాటి సునామీ ప్రకాశం తీరాన్ని కూడా తాకింది. సముద్రం ఎదుట ఈ తీరవాసుల నిస్సహాయతను అది మరొకసారి చాటింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రెండో విడత ఫిషింగ్ హార్బర్ల జాబితాలో కొత్తపట్నాన్ని చేర్చింది. సహజాశ్రయం లేని తీరానికి ఇది ఆధునిక కాలపు హామీ. వేటపడవ క్షేమంగా ఒడ్డు చేరినప్పుడే ఆ హామీ నెరవేరినట్లు. మోటుపల్లి శాసనాన్ని, 1937 పాఠశాల చరిత్రను, మత్స్యకారుల మౌఖిక కథనాలను కలిపి పరిశీలిస్తే ఈ తీరచరిత్రకు పూర్ణత సిద్ధిస్తుంది. పరిశోధకులు ముందుగా సేకరించవలసినవి మౌఖిక కథనాలే. చెప్పగలిగిన పెద్దలు ఉన్నప్పుడే వాటిని నమోదు చేయాలి.