సిజేరియన్ తర్వాత బిడ్డ దక్కకపోతే.. ఆమె కూడా బాలింతే! ఈ జాగ్రత్తలు మర్చిపోవద్దు
2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఏపీలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ఆపరేషన్ అయ్యాక బిడ్డ దక్కకపోతే ఆ దుఃఖంలో తల్లి పత్యం, విశ్రాంతి, చెకప్ ఎవరికీ గుర్తుండవు. కుట్లు పైకి మానినట్టే కనిపిస్తాయి. లోపల కోలుకోవడానికి మాత్రం కనీసం 6 వారాలు పడుతుంది. అప్పటిదాకా బిందెలు ఎత్తడం లాంటి బరువు పనులు వద్దు. బాలింత నీళ్లు తక్కువ తాగాలన్న పాత మాట పక్కన పెట్టండి. మలబద్ధకం వస్తే ముక్కినప్పుడల్లా కుట్ల దగ్గర నొప్పే.

చాలామందికి ముందుగా ఎవరూ చెప్పని విషయం.. పాలు. బిడ్డ లేదని శరీరానికి తెలియదు కదా! 2 నుంచి 5 రోజుల్లో పాలు పడి రొమ్ములు గట్టిపడతాయి, సలుపుతాయి. పూర్తిగా పిండేస్తే ఇంకా వస్తాయి. సలుపు తగ్గేంత వరకే తీసి, చల్లటి గుడ్డ వేయాలి. పాలు ఆగే మాత్రలు బీపీ ఉన్నవాళ్లకు పడకపోవచ్చు, డాక్టర్ రాస్తేనే వాడాలి.

జ్వరం, కుట్ల దగ్గర చీము, దుర్వాసన, గంటకో ప్యాడ్ తడిసేంత రక్తస్రావం, పిక్కలో వాపు, ఆయాసం.. ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

"మళ్లీ ఎప్పుడు?" అని చుట్టాలు తొందరపెడతారు. గర్భాశయంపై కోత ఉంది కాబట్టి మళ్లీ గర్భానికి సాధారణంగా 18 నుంచి 24 నెలలు ఆగమంటారు వైద్యులు. చూస్తే బాధేసినా డిశ్చార్జ్ కాగితాలు పారేయొద్దు. కోత ఎలా పెట్టారన్నది తర్వాతి కాన్పులో డాక్టర్ అడుగుతారు.